ఇంట్లో కట్టుకునే చిన్న గిటార్ యాంప్‌కి స్పీకర్ ఎలా ఎంచుకోవాలి?

ఎల్ఎం386 అనే చిన్న యాంప్ చిప్‌తో మొదటిసారి యాంప్ కట్టినప్పుడు పది రోజులు సర్క్యూట్‌తోనే కుస్తీ పట్టాను. కెపాసిటర్లు మార్చాను, గెయిన్ మార్చాను, పెట్టె కూడా మార్చాను. ఎంత చేసినా రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టే వినిపించేది. చివరికి విసుగొచ్చి, కంప్యూటర్ స్పీకర్ల నుంచి ఊడదీసి పెట్టిన మూడంగుళాల స్పీకర్ తీసేసి, అటక మీదున్న పాత రేడియో స్పీకర్ తగిలించాను. అదే సర్క్యూట్, అదే 9 వోల్టుల బ్యాటరీ. పక్క గదిలోంచి "కాస్త తగ్గించరా" అని కేక వినిపించింది.

అప్పటి నుంచి ఎవరడిగినా ముందు స్పీకర్ సంగతి తేల్చుకోమనే చెప్తున్నాను. సర్క్యూట్ తర్వాత చూసుకోవచ్చు.

1. ఏ గిటార్‌కో ముందు తేల్చుకోండి

ఎలక్ట్రిక్ గిటార్‌కీ, పీజో పికప్ (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే చిన్న ముక్క) ఉన్న అకౌస్టిక్ గిటార్‌కీ కావలసిన స్పీకర్లు వేరు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఎలక్ట్రిక్ గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక చప్పబడిపోతుంది. అది లోపం కాదు, మనకు కావలసిందే అది. డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలనే బొంగురు చేయడం) పెట్టినప్పుడు పైస్థాయిలో పుట్టే గరగరను ఆ కాగితం కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు భాగం) తనలోనే ఆపేస్తుంది. అదే సిగ్నల్‌ని ట్వీటర్ (పైస్వరాల కోసం పెట్టే చిన్న స్పీకర్) ఉన్న మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్‌లోకి పంపితే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. కాబట్టి ఎలక్ట్రిక్‌కి ట్వీటర్ లేని కాగితం కోన్ స్పీకర్ వెతకండి.

అకౌస్టిక్‌కి పైస్వరాల మెరుపు కావాలి. దానికి ట్వీటర్ ఉన్న కారు స్పీకర్ హాయిగా సరిపోతుంది. ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా ఎలక్ట్రిక్ గురించే.

2. మీ చిప్ నిజంగా ఎన్ని వాట్లు ఇస్తుందో చూడండి

ఎల్ఎం386 నుంచి 9 వోల్టుల మీద, 8 ఓమ్‌ల స్పీకర్‌తో అర వాటు వరకు ఆశించవచ్చు. పీఏఎం8403 అనే మరో యాంప్ చిప్ బోర్డు 5 వోల్టుల మీద, 4 ఓమ్‌లతో చానెల్‌కి 3 వాట్లు అంటారు. ఆ అంకె శబ్దం బాగా చెడిపోయే స్థాయిలో కొలిచింది. టీడీఏ2030 అనే ఇంకా పెద్ద చిప్ బోర్డుల మీద 15, 18 వాట్లు అని రాసి ఉంటుంది కానీ, 12 వోల్టుల అడాప్టర్ పెడితే 4 ఓమ్‌ల మీద వచ్చేది రెండున్నర వాట్ల చుట్టుపక్కలే. రాసినన్ని వాట్లు రావాలంటే సప్లై వోల్టేజీ రెట్టింపు పైనే ఉండాలి.

స్పీకర్ మాత్రం యాంప్ కంటే కనీసం రెట్టింపు వాట్లు తట్టుకునేది తీసుకోండి. గిటార్ యాంప్‌ని మనం కావాలనే క్లిప్ చేస్తాం, అంటే దాని శక్తికి మించి తోసి తరంగం కొసలు తెగేలా చేస్తాం. తరంగం పూర్తిగా చతురస్రంలా మారితే, శుభ్రంగా ఇచ్చే పవర్‌కి రెట్టింపు దాకా స్పీకర్‌లోకి వెళ్తుంది. రెండు వాట్ల స్పీకర్‌ని 24 వోల్టుల టీడీఏ2030 కి తగిలించి, "కాసేపే కదా" అనుకున్న రోజున నాకు వార్నిష్ కాలిన వాసన ఎలా ఉంటుందో తెలిసింది. వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) పోవడానికి ఒక్క పాట కూడా పట్టలేదు.

3. సెన్సిటివిటీ చూడండి, వాట్లు కాదు

షాపులో "ఇది 100 వాట్ల స్పీకర్, బాగా మోగుతుంది" అంటారు. స్పీకర్ మీద ఉన్న వాట్లు అది ఎంత తట్టుకుంటుందో చెప్తాయి, ఎంత గట్టిగా మోగుతుందో చెప్పవు. అది చెప్పేది సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వచ్చాయో కొలిచిన అంకె అది.

మామూలు మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్లు 85 నుంచి 90 మధ్య ఉంటాయి. గిటార్ కోసం చేసినవి 95 నుంచి 100, కొన్ని ఇంకా పైన. చూడ్డానికి పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు కావాలి.

లెక్క వేద్దాం. అర వాటు ఎల్ఎం386 ని 97 డెసిబెల్స్ స్పీకర్‌కి కలిపితే మీటరు దూరంలో 94 వస్తుంది. అదే 94 డెసిబెల్స్‌ని 88 డెసిబెల్స్ స్పీకర్ నుంచి రాబట్టాలంటే 4 వాట్లు కావాలి. ఎనిమిది రెట్లు! అంటే బ్యాటరీ, హీట్‌సింక్, అడాప్టర్ అన్నీ పెద్దవవుతాయి. స్పీకర్ మారిస్తే ఇవేవీ అక్కర్లేదు.

మరి మా అటక మీది రేడియో స్పీకర్ అంత బాగా ఎందుకు మోగింది? ఆ కాలంలో రేడియోలకు పవర్ తక్కువ. అందుకే పలుచని కాగితం కోన్, చుట్టూ అదే కాగితాన్ని మడతలు పెట్టిన అంచు, తేలికైన కాయిల్ పెట్టేవారు. తేలిగ్గా కదిలేది కొద్ది పవర్‌కే మోగుతుంది. ఇప్పటి బ్లూటూత్ స్పీకర్లలో రబ్బరు అంచు, బరువైన కోన్ ఉంటాయి. అవి బేస్ కోసం ముందుకీ వెనక్కీ బాగా ఊగాలి, అందుకు పవర్ తింటాయి. కారు సబ్‌వూఫర్ అయితే ఇంకా ఘోరం. దాన్ని అర వాటుతో మోగించడం అంటే లారీని సైకిల్‌కి కట్టి లాగడమే.

అంకె ఎక్కడా రాసి లేకపోతే అంచు చూడండి. కాగితం లేదా గుడ్డ మడతలుంటే మంచి సూచన. మందపాటి రబ్బరు ఉంటే పక్కన పెట్టేయండి.

4. ఓమ్‌లు

ట్రాన్సిస్టర్, చిప్ యాంప్‌లకు నియమం సులువు. చెప్పిన దానికంటే ఎక్కువ ఓమ్‌లు పెడితే శబ్దం తగ్గుతుంది, అంతే. తక్కువ పెడితే చిప్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఎల్ఎం386 కి 8 ఓమ్‌లే మేలు. వాల్వ్ యాంప్ (గాజు ట్యూబులతో నడిచేది) అయితే ఈ వెసులుబాటు లేదు. దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన ఓమ్‌లే పెట్టాలి, స్పీకర్ లేకుండా ఆన్ చేయనే కూడదు.

స్పీకర్ మీద ఏమీ రాసి లేకపోతే మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో 6, 7 మధ్య చూపిస్తుంది. 4 ఓమ్‌లది మూడు పైచిలుకు. మీటర్ తప్పు కాదు, అది డీసీ నిరోధం మాత్రమే కొలుస్తుంది. పాత ట్రాన్సిస్టర్ రేడియోల స్పీకర్లలో 16 ఓమ్‌లవి కూడా తగులుతుంటాయి.

పీఏఎం8403 వాడేవాళ్లకు ఒక్క మాట. దాని స్పీకర్ తీగలు రెండింటిలో ఏదీ గ్రౌండ్ కాదు. లోహపు పెట్టెకి ఒకటి తగిలినా బోర్డు పోవచ్చు.

5. సైజు

ఆరో తీగ, అంటే లావు ఇ తీగ, 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మూడంగుళాల స్పీకర్ అంత కిందికి దిగలేదు. అయినా స్వరం అర్థమవుతుంది, ఎందుకంటే పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు మోగే దాని రెట్ల స్వరాలు) విని మన చెవి కింది స్వరాన్ని పూరించుకుంటుంది. కానీ ఆ నిండుదనం రాదు.

చిన్నదంటే అయిదంగుళాలైనా ఉండాలన్నది నా అభిప్రాయం. 1970ల నుంచి అమ్ముడవుతున్న పిగ్‌నోస్ అనే చిన్న అమెరికన్ యాంప్‌లో ఉన్నది అయిదంగుళాల స్పీకరే, నడిచేది ఆరు పెన్సిల్ సెల్స్ మీద. ఫెండర్ వాళ్ల పాత చాంప్ యాంప్‌లో ఎనిమిదంగుళాలది ఉండేది, దాని పవర్ అయిదు వాట్ల చుట్టుపక్కలే. చేతిలో పట్టుకు తిరగాలంటే అయిదు, బల్ల మీద పెట్టుకోవాలంటే ఆరున్నర, పెట్టె కాస్త పెద్దదైనా ఫరవాలేదంటే ఎనిమిది. నన్నడిగితే ఎనిమిదే. పాత టీవీల్లో వచ్చే కోడిగుడ్డు ఆకారం కాగితం స్పీకర్లు కూడా వదలకండి.

6. వెతకడం, పరీక్షించడం

ఇంట్లో మూలన పడిన రేడియో, టేప్‌రికార్డర్ మొదట చూడండి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే మీరు విప్పకండి. స్విచ్ తీసి చాలా కాలమైనా ట్యూబ్‌లో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. రిపేరు షాపులో అడిగితే స్పీకర్ తీసిస్తారు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఓ పూట తిరగండి. కొత్తది, గిటార్ కోసమే చేసింది కావాలంటే సెలెస్టియన్, జెన్సెన్ కంపెనీలు ఎనిమిదంగుళాలవి కూడా చేస్తాయి. ఖర్చు మిగతా యాంప్ మొత్తం కంటే ఎక్కువే కావచ్చు.

పాతది కొనేటప్పుడు మల్టీమీటర్, ఒక 1.5 వోల్టుల సెల్, రెండు వైరు ముక్కలు జేబులో వేసుకోండి. నాలుగు వేళ్లను కోన్ మీద సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా కదలాలి. ఇసుక రాసుకున్నట్టు చప్పుడొస్తే కాయిల్ మాగ్నెట్‌కి ఒరుసుకుంటోందని అర్థం. ఎంత తక్కువకిచ్చినా వద్దు. తర్వాత సెల్‌ని ఒక్క క్షణం తాకించండి. "టప్" మని చప్పుడు వచ్చి కోన్ కదలాలి. కోన్ బయటికి వచ్చినప్పుడు సెల్ ప్లస్ ఏ టెర్మినల్‌కి తగిలిందో అదే స్పీకర్ ప్లస్, దానికి ఎర్ర గుర్తు పెట్టుకోండి. ఒక్క స్పీకర్ వాడితే ఇది పెద్ద విషయం కాదు కానీ, రెండు కలిపితే రెండూ ఒకేవైపు కదలాలి. లేదంటే ఒకదాని శబ్దాన్ని ఇంకోటి మింగేస్తుంది.

కోన్‌కి చిన్న చిరుగు ఉంటే భయపడక్కర్లేదు. టిష్యూ పేపర్ ముక్కని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి అతికించి, రాత్రంతా ఆరనివ్వండి.

7. పెట్టెలో బిగించే ముందు

స్పీకర్‌ని విడిగా చేత్తో పట్టుకుని వాయిస్తే పీలగా ఉంటుంది. వెనక శబ్దం ముందుకొచ్చి బేస్‌ని చంపేస్తుంది. దాన్నిబట్టి తీర్పు చెప్పకండి. చెప్పుల అట్టపెట్టెకి రంధ్రం కోసి, స్పీకర్‌ని దాని మీద బోర్లించి వినండి. వెనక మూత కొంచెం కొంచెం తెరుస్తూ మూస్తూ ఆరో తీగ మీటండి. పూర్తిగా మూస్తే శబ్దం బిగుసుకుంటుంది, తెరిస్తే ఊపిరి తీసుకుంటుంది. మీకు నచ్చిన చోటు గుర్తుపెట్టుకుని అసలు పెట్టెకి వెనక అంత ఖాళీ వదలండి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు.

ఇంకా మూగగా అనిపిస్తే స్పీకర్‌ని తిట్టే ముందు ఒకటి చూడండి. ఎల్ఎం386 ఇన్‌పుట్ నిరోధం 50 కిలో ఓమ్‌లే. గిటార్ పికప్‌ని నేరుగా దానికి కలిపితే పైస్వరాలు అక్కడే పోతాయి. మధ్యలో ఒక ఎఫ్ఈటీ బఫర్ (పికప్ మీద భారం పడకుండా చూసే చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్) పెడితే చాలావరకు తిరిగొస్తాయి.

రంధ్రం కోసేటప్పుడు గుర్తుంచుకోండి, ఎనిమిదంగుళాల స్పీకర్ అంటే ఫ్రేమ్ బయటి కొలత. రంధ్రం అంతకంటే చిన్నది, ఏడంగుళాల పైచిలుకు. స్పీకర్‌నే కొలిచి కోయండి.

స్క్రూలు బిగించేటప్పుడు కోన్ మీద ఒక మందపాటి అట్ట కప్పండి. మాగ్నెట్ స్క్రూడ్రైవర్‌ని గుంజుకుంటుంది. మా రేడియో స్పీకర్ కోన్‌కి ఉన్న టిష్యూ పేపర్ అతుకు అలా వచ్చిందే.