తొలిచూలు గొర్రె ఈనేటప్పుడు
అనంతపురం జిల్లాలో గొర్రెలు పెంచేవారు తొలిచూలు గొర్రెను పొట్టేలు దాటిన (జతకట్టిన) తేదీని గోడమీదైనా రాసి ఉంచుకోవడం మంచిది. దాదాపు 150 రోజులకు అది ఈనుతుంది. ఉమ్మనీటి సంచి పగిలిన తర్వాత రెండు ముందుకాళ్లూ, వాటిమీద ఆనించినట్లున్న మూతీ కనిపిస్తే పిల్ల సరైన తీరులోనే వస్తున్నట్లు. మొదటి ఈతలో దారి ఇరుకుగా ఉండి పని నెమ్మదిగా సాగుతుంది కనుక అప్పుడు తొందరపడి లాగకూడదు. అయితే తల వెనక్కి మడిచి ఉన్నా, ఒక్క కాలే కనిపించినా, తోక ముందుగా వచ్చినా, అరగంట గట్టిగా ముక్కినా పిల్ల కదలకపోయినా, వెంటనే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి. తెలిసీ తెలియని చెయ్యి, అదీ కడగని చెయ్యి, లోపలికి పోనివ్వడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఈనిన తర్వాత మాయ వేలాడుతున్నా దాన్ని లాగకుండా, పిల్లకు మొదటి గంటలోనే ముర్రుపాలు తాగించాలి.