ట్రక్కు బరువు హుక్కు మీద ఎంత పడుతుందో కాటాలో చూసుకోండి

దాళ్వా (రబీ వరి) కోతలు మొదలైతే ట్రాక్టర్ వెనక ధాన్యం ట్రక్కులు (ట్రెయిలర్లు) నిండుగా వెళ్తుంటాయి కాబట్టి ఒక్క మాట. రెండు చక్రాల ట్రక్కుకి ఎన్ని బస్తాలు లాగగలమన్నదే కాదు, ట్రాక్టర్ వెనక హుక్కు మీద ఎంత బరువు కూర్చుంటుందన్నది అసలు లెక్క. ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు ఉండే నాలుగు చక్రాల ట్రక్కుకైతే ఈ బాధ దాదాపు ఉండదు.

చూడటం తేలికే. వేబ్రిడ్జి మీద ముందు ఒట్టి ట్రాక్టర్‌కి తూకం వేయించండి, తర్వాత లోడు ట్రక్కు తగిలించి, ట్రాక్టర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపి మళ్ళీ వేయించండి, తేడా ఎంత వస్తే అంత హుక్కు మీద పడుతున్నట్టు. ఒట్టిగా 2,000 కిలోలు, తగిలించాక 2,600 వస్తే హుక్కు మీద 600. ట్రాక్టర్ పుస్తకంలో హుక్కుకి రాసిన హద్దు దాటకూడదు. అక్కడితో ఆగకుండా, లోడు ట్రక్కు తగిలించే ఉంచి ట్రాక్టర్ ముందు చక్రాలను మాత్రమే కాటా మీద పెట్టి చూడండి, ట్రాక్టర్ సొంత బరువులో ఐదో వంతు, అంటే ఇక్కడ 400 కిలోలైనా వాటి మీద మిగలకపోతే స్టీరింగ్ మాట వినదు, చేలోంచి కాలవ గట్టు ఎక్కేటప్పుడు ముందు లేస్తుంది, అవతల పక్క నీళ్ళే.

హుక్కు మీద ఎక్కువైతే ట్రక్కు ఇరుసుకి ముందున్న బస్తాలు కొన్ని వెనక్కి జరపండి, ముందు చక్రాల మీద బరువు చాలకపోతే ట్రాక్టర్ ముందు బరువులు కూడా తగిలించొచ్చు. అలాగని అన్నీ వెనక్కి తోసేస్తే ట్రక్కు హుక్కును పైకి లాగుతూ రోడ్డు మీద ఊగుతుంది, అది అంతకంటే ప్రమాదం. పై లింకుకి (ట్రాక్టర్ వెనక పనిముట్లు తగిలించే మూడు లింకుల్లో పైదానికి) మాత్రం ట్రక్కు ఎప్పుడూ తగిలించొద్దు, ట్రాక్టర్ వెనక్కి తిరగబడొచ్చు.