పిల్లలతో వండర్‌లాకు పోయే ముందు టేపు తీయండి

దేవరకొండలో మా ఇంటి ముందర గదిలోనే నా కుట్టు మిషన్. పండక్కి లంగాలు, బడి తెరిచే ముందు యూనిఫారాలు, పెళ్ళిళ్ళ రోజుల్లో జాకెట్లు. సెలవులు వచ్చాయంటే ఇంకో గిరాకీ మొదలవుతుంది: "అక్కా, పిల్లలను వండర్‌లాకు తీసుకుపోతున్నాం, నీళ్ళలో దిగే బట్టలు కుట్టిస్తావా?" కుడతాను. కొలతలు తీసుకుంటూ నాకు తెలిసింది కూడా చెబుతాను. మా బాబుకు ఏడేళ్ళు, పాపకు మూడున్నర. ఇద్దరినీ తీసుకుని రెండుసార్లు పోయొచ్చాం.

ముందు ఎత్తు సంగతి. వండర్‌లా అంటే హైదరాబాద్ పక్కన రావిర్యాలలో ఉన్న ఆటల పార్కు, 2016లో తెరిచారు. అక్కడ టికెట్ ధర అయినా, ఏ ఆట ఎక్కనిస్తారన్నదైనా పిల్లల ఎత్తును బట్టే. ఒక్కో ఆట ముందు బోర్డు మీద ఇన్ని సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. మనమేమో ఇంచుల్లో లెక్కపెడతాం. టైలర్ టేపుకు ఒక వైపు ఇంచులు, రెండో వైపు సెంటీమీటర్లు ఉంటాయి, తిప్పి పట్టుకుంటే చాలు. 120 సెంటీమీటర్లంటే 47 ఇంచుల పావు. 140 అంటే 55 ఇంచులకు కొంచెం పైన.

కొలిచే పద్ధతి ఉంది. చెప్పులు విప్పించి, మడమలు, వీపు గోడకు ఆనించి నిలబెట్టండి. జడ పైకి కట్టి ఉంటే విప్పండి. నెత్తి మీద అట్ట ఉన్న పుస్తకం ఒకటి పడుకోబెట్టి, దాని అడుగు గోడకు తగిలిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. పిల్ల పక్కకు పోయాక నేల నుంచి గీత దాకా కొలవండి. పిల్లల మీదే టేపు పట్టి కొలిస్తే వాళ్ళు మునివేళ్ళ మీద లేస్తారు, లెక్క తప్పుతుంది. పాత టేపును కూడా నమ్మకండి. బట్ట టేపు వాడేకొద్దీ సాగుతుంది. నా డ్రాయర్లో ఉన్న పాతదాన్ని ఇనుప టేపు పక్కన పరిచి చూస్తే మనిషి ఎత్తుకు అర ఇంచు తక్కువ చూపించింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, మొదటిసారి పోయినప్పుడు మా బాబుకు పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కిస్తానని వాళ్ళ నాన్న వారం ముందు నుంచే చెప్పాడు. ఆట ముందు ఎత్తు చూసే కర్ర దగ్గర నిలబెడితే ఎత్తు చాలలేదు. అక్కడి మనిషి మర్యాదగానే చెప్పాడు, అది పిల్లాడి మంచికే. కానీ వాడు గంటసేపు ఏడ్చాడు, చిన్నపిల్లల ఆటలు కూడా వద్దన్నాడు. రెండోసారి ఇంట్లోనే గోడ మీద గీత చూపించి, "ఈ గీతకు ఇవి ఎక్కొచ్చు, ఇవి వచ్చే ఏడు" అని పార్కు వాళ్ళ సైట్‌లో ఆటల పేర్లు చూసి కలిసి రాసుకున్నాం. ఆ కాగితం పట్టుకుని వాడే మమ్మల్ని తిప్పాడు.

ఇక బట్టలు. నీళ్ళ ఆటల్లోకి కాటన్ బట్టలు, చీరలు, చున్నీలు, జీన్సు రానివ్వరు. నైలాన్, పాలిస్టర్, లైక్రా లాంటివే వేసుకోవాలి. గేటు దగ్గర గొడవ పెట్టుకునేవాళ్ళు ఉంటారు గానీ, బట్టతో పని చేసే మనిషిగా చెబుతున్నాను, ఆ నియమం సరైనదే. కాటన్ నీళ్ళు తాగి బరువెక్కుతుంది, చిన్నపిల్లను కిందికి గుంజుతుంది. నూలు పోగులు రాలి నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టర్లలో చేరతాయి. పొడుగు చున్నీ జారుడుబల్ల మీద ఎక్కడ చిక్కుకుంటుందో తెలియదు. లోపల కూడా ఈత బట్టలు అమ్ముతారు. ఇంట్లో అందరికీ అక్కడే కొనాలంటే ఖర్చు గట్టిగానే అవుతుంది, పైగా సైజు చూసుకునే తీరిక ఉండదు.

కుట్టించుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసినవి: జిప్పు వద్దు, లోహపు బొత్తాలు, హుక్కులు వద్దు, జారేటప్పుడు వీపుకు గీరుకుంటాయి. నడుముకు నాడా కాకుండా ఎలాస్టిక్ వేయించండి. లైక్రా మీద సాదా కుట్టు వేస్తే బట్ట సాగినప్పుడు దారం తెగుతుంది, జిగ్‌జాగ్ వేయమని చెప్పండి. రంగు మాత్రం కళ్ళకు కొట్టినట్టు ఉండాలి, పసుపుపచ్చో నారింజో. నీలం, ఆకాశ రంగు పిల్లలకు ఎంత అందంగా ఉన్నా వద్దు. నీళ్ళలో నీలం బట్ట కనిపించదు. మా పిల్లలిద్దరికీ నిమ్మపండు రంగు చొక్కాలు కుట్టాను, ఎంత గుంపులో ఉన్నా దొరికిపోతారు.

చొక్కా లోపల, మెడ వెనక, తెల్ల పాలిస్టర్ పట్టీ ఒకటి కుట్టి దాని మీద మా ఫోన్ నంబరు రాశాను. బాల్‌పెన్నుతో రాస్తే రెండు మునకలకే చెదిరిపోతుంది. చెరగని మార్కర్ పెన్నుతో రాసి, ఆరాక రాత్రంతా బకెట్ నీళ్ళలో నానబెట్టి చూడండి. పొద్దునకు అంకెలు చదవడానికి వస్తే సరే, లేకపోతే ఇంకో మార్కర్ తెచ్చి మళ్ళీ రాయండి. మాటలు సరిగా రాని పిల్లలకు ఈ పట్టీ తప్పనిసరి. గేటు దగ్గర ఆ రోజు బట్టల్లోనే పిల్లలకు ఒక ఫొటో కూడా తీసుకోండి.

మా అత్తమ్మది డిండి రిజర్వాయర్ దగ్గర పల్లె. అలుగు పారితే గట్టు మీద నిలబడి చూడటమే తప్ప ఎన్నడూ నీళ్ళలో దిగలేదు. చీర విప్పనంది. నిండు చేతులు, మోకాళ్ళ కిందికి వచ్చే పొడుగు ఉన్న పాలిస్టర్ కుర్తా, కింద ప్యాంటు కుట్టిచ్చాను. ఇంట్లో రెండు రోజులు వేసుకుని తిరిగింది, అలవాటైంది. ఆ రోజు మనవరాలి చెయ్యి పట్టుకుని పిక్కల దాకా నీళ్ళలో నిలబడ్డప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పెద్దవాళ్ళను సామాన్ల కాపలాకు కూర్చోబెట్టకండి. సామాన్లకు లాకర్లు అద్దెకిస్తారు.

దారి సంగతి తొందరగా చెబుతాను. మా వైపు నుంచి కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం, బొంగ్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రావిర్యాలలో దిగడం. నల్లగొండ వాళ్ళు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఎక్కొచ్చు. పాలమూరు వాళ్ళకు జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ దగ్గర ఔటర్. బయటి తిండి లోపలికి రానివ్వరు, కాబట్టి పులిహోర, పెరుగన్నం దారిలో చెట్టు కింద ఆగి కడుపునిండా తినిపించండి. సాయంత్రానికి మురుకులు, అరటిపండ్లు బండిలోనే ఉంచండి. పెరుగన్నం మాత్రం మిగల్చకండి, ఎండలో ఆగిన బండిలో పులిసిపోతుంది.

లోపలికి పోగానే అన్నీ ఎక్కాలని పరుగెత్తకండి. టికెట్ డబ్బులు రాబట్టాలన్న ఆత్రంలో పిల్లల ఒంటిని మరిచిపోతాం. పొద్దున ఒళ్ళు తడవని ఆటలు, అన్నం తిన్నాక చిన్నదానికి నీడలో కునుకు, ఆ తర్వాత నీళ్ళు. అది పడుకున్న ముప్పావు గంటలో మా ఆయన బాబును తీసుకుపోతాడు, వచ్చాక నేను పోతాను. నిద్ర ఎగ్గొట్టిన పిల్లకు మధ్యాహ్నం ఏ ఆటా నచ్చదు, ఆ ఏడుపు మొండితనం కాదు. నీళ్ళలో ఇరవై నిమిషాలకోసారి బయటికి తీసి తువ్వాలు చుట్టండి. పెదవులు నల్లబడితే, వణుకు వస్తే ఇక ఆ పూటకు చాలు. మామూలు డైపర్ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఈతకు వేసేవి వేరే దొరుకుతాయి. ఎండకు గచ్చు కాలుతుంది, రబ్బరు చెప్పులు మరవకండి. లీటరు నీళ్ళకు కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సంచిలో ఉంచుకోండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఆగి చదవండి. మొదటిసారి చిన్నపిల్లల నీళ్ళ దగ్గర నేను, మా చెల్లె ఇద్దరం ఉన్నాం. పాప నా దగ్గరుందని చెల్లె అనుకుంది, చెల్లె దగ్గరుందని నేను. తిరిగి చూస్తే లేదు. పది అడుగుల అవతల మెట్టు మీద కూర్చుని నీళ్ళు చిమ్ముకుంటోంది. ఒక్క నిమిషమే. నీళ్ళు మోకాలు లోతే, కానీ మూడేళ్ళ పిల్ల బోర్లా పడితే లేవడానికి ఆ మోకాలు లోతే ఎక్కువ. పడిన పిల్లలు కేక వేస్తారనుకోకండి, నీళ్ళు మింగిన గొంతు పలకదు. అప్పటి నుంచి మాకు ఒక అలవాటు. పిల్లను అప్పజెప్పేటప్పుడు పేరు పెట్టి చెప్పాలి: "చెల్లే, పాప ఇప్పుడు నీ దగ్గర." అవతలివాళ్ళు "ఆ, నా దగ్గర" అనేదాకా చెయ్యి వదలకూడదు. ఫోన్ తీసినా, మూత్రానికి పోయినా ముందు ఈ మాట. నీళ్ళలో ఒక్కో చిన్నపిల్లకు ఒక్కో పెద్ద మనిషి, అదీ చెయ్యి చాపితే అందేంత దగ్గర. అంతమంది పెద్దవాళ్ళు లేకపోతే పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని దింపండి.

చీకటి పడకముందే బయలుదేరండి. బండి ఎక్కే ముందే పొడి బట్టలు మార్చండి, ఇబ్రహీంపట్నం దాటేసరికి ఎట్లాగూ నిద్రపోతారు, అప్పుడు తడిబట్టలు విప్పలేం.

ఇంటికి వచ్చిన రాత్రే ఆ బట్టలను మంచినీళ్ళలో రెండుసార్లు జాడించండి. నీళ్ళలో కలిపే క్లోరిన్ లైక్రా సాగుడును తినేస్తుంది. పిండకుండా నీడలో ఆరేయండి. మా పిల్లల చొక్కాలకు పక్క కుట్టులో రెండు వేళ్ళ బట్ట లోపలికి మడిచి పెట్టాను. వచ్చే ఏడు విప్పుతాను.