పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ, పెళ్లి వీడియోలకి హార్డ్ డిస్క్

ల్యాప్‌టాప్ ఆన్ చేసి టీ పెట్టుకుని తాగొచ్చినా విండోస్ ఇంకా లోడవుతూనే ఉండేది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ ఖాళీ, ర్యామ్ సగమే వాడకం, డిస్క్ మాత్రం 100 శాతం. అసలు దొంగ అక్కడ దొరికాడు.

లోపలున్నది నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. చిన్న చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా ఉంటే, దాని హెడ్ (డేటా చదివే ముల్లు లాంటిది) ఒక్కోదాని దగ్గరికీ జరిగి, డేటా ఉండే పళ్లెం తిరిగొచ్చేదాకా ఆగాలి. చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు. అందులో సాటా రకం (హార్డ్ డిస్క్ పెట్టే కనెక్టర్‌కే తగిలేది) సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుందని డబ్బా మీద వేస్తారు గానీ, నాకు కావలసింది ఆ అంకె కాదు, ఈ వెతుకులాట తప్పడం.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో షాపతను ఎన్‌వీఎంఈ అనే ఇంకో రకం ఎస్‌ఎస్‌డీ చూపించి "ఇది ఇంకా ఫాస్ట్ సార్" అన్నాడు. దాన్ని పెట్టే ఎం.2 స్లాటే నా బోర్డుకి లేదు మరి! పాతదాని సైజుకే, 500 జీబీ సాటాది తీసుకున్నా. యూఎస్‌బీ కేబుల్‌తో క్లోన్ చేసి (పాతదాంట్లోదంతా ఉన్నదున్నట్టు కాపీ చేసి) మార్చేశా. ఇప్పుడు బూట్ అర నిమిషం లోపే.

పాత డిస్క్‌ని కేసులో పెట్టి పెళ్లి వీడియోలకి వాడుతున్నా. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పడుండే బ్యాకప్‌కి ఎస్‌ఎస్‌డీ కంటే అదే నయం. కిందపడితే మాత్రం అంతే సంగతులు, అందుకే ఇంకో కాపీ తమ్ముడి దగ్గర పెట్టా.