పాత అంబాసిడర్‌కు ట్యూబా, ట్యూబ్‌లెస్సా? ఎండలు ముదరకముందే రిమ్ము విప్పి చూడండి

ఉగాది దాటిందంటే మన వరంగల్ వైపు రోడ్ల మీద తారు మెత్తబడుతుంది. కొత్త కార్ల వాళ్లకు అది పెద్ద విషయం కాదు. షెడ్డులో పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీ కారో పెట్టుకుని పెళ్లిళ్లకూ ఆదివారాలకూ బయటికి తీసే మనలాంటి వాళ్లకే టెన్షన్. ఏటా ఈ రోజుల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "ట్యూబులు పీకేసి ట్యూబ్‌లెస్ వేయించమంటవా అన్నా?"

ట్యూబ్‌లెస్‌లో లోపల ట్యూబు ఉండదు, గాలిని టైరూ రిమ్మూ కలిసి ఆపాలి. అందుకే టైరు సంగతి తర్వాత, ముందు రిమ్ము చూడమంటాను నేను.

టైరు విప్పించి, రిమ్ము అంచు నుంచి లోపలికి వేలు జరపండి. టైరు అంచు కూర్చునే చదును దాటాక, నడిమి గుంతలోకి దిగేముందు చుట్టూతా సన్నటి గట్టు తగిలితే అది ట్యూబ్‌లెస్‌కు చేసిన రిమ్ము. ఇప్పటి రిమ్ముల మీద సైజు పక్కన 'హెచ్' అనో 'హెచ్2' అనో ఉండేది ఈ గట్టు గుర్తే. వేలు ఎక్కడా ఆగకుండా గుంతలోకి జారిపోయిందా, అది ట్యూబుల కాలపు రిమ్ము. గాలి తగ్గిన టైరుతో జోరుగా మలుపు తిరిగితే టైరు అంచు ఆ గుంతలోకి జారొచ్చు. లోపల ట్యూబు లేకపోతే గాలంతా ఒక్కసారే పోతుంది. రివెట్లు కొట్టిన రిమ్ములకూ, ఊచల చక్రాలకూ ఇంకో బాధ ఉంది, ఆ సందుల్లోంచి గాలి కారుతూనే ఉంటుంది.

గట్టు ఉంది, తుప్పు గుంటలు లేవు, సబ్బు నీళ్లు పోస్తే బుడగలు రావట్లేదు అంటే నిశ్చింతగా ట్యూబ్‌లెస్ వేయించండి. మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, పక్కకు ఆపుకునే టైం దొరుకుతుంది. ట్యూబుకు చిల్లు పడితే ఆ టైం ఉండదు. గట్టు లేకపోతే మాత్రం ట్యూబులతోనే ఉండండి, నామోషీ ఏమీ లేదు. పల్లెల్లో ట్రాక్టర్ పంక్చర్లు వేసే చిన్న షాపువాడైనా ట్యూబు బాగుచేసి ఇస్తాడు.

చాలామంది చేసేది మూడో పని, ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేయడం. మేమూ అదే చేశాం. రెండేళ్ల కింద మే నెలలో బాపుతో ములుగు పోతుంటే, ఆత్మకూరు దాటాక వెనక ఎడమ టైరు దిగిపోయింది. చూస్తే మేకు లేదు, గాజుపెంకు లేదు. పంక్చర్ షాపాయన ట్యూబు బయటికి లాగి, టైరు లోపల చెయ్యి పెట్టి తడిమాడు. కంపెనీ వాళ్లు లోపల అంటించిన కాగితం స్టిక్కరు సగం ఊడి, చుట్టుకుపోయి, బీడీలా గట్టిపడి ఉంది. అది తగిలిన చోట ట్యూబు మీద నల్లటి పొడి, నడుమ సూదిమొనంత చిల్లు. "ఇది పంక్చర్ గాదు సార్, ఒరుసుకపోయింది" అన్నాడు. టైరు ఎక్కించిన షాపువాళ్లు స్టిక్కరు పీకలేదు, మేం పక్కన నిలబడి చూసుకోనూ లేదు.

అలా వేయక తప్పకపోతే, ముందు ఆ టైరులో ట్యూబు వేయొచ్చని తయారీదారు చెప్పాడో లేదో అడగండి. స్టిక్కర్లన్నీ పీకించి, లోపల చేత్తో తడిమి చూడండి. రేడియల్ టైరుకు (ఇప్పటి కార్లకు మామూలుగా వచ్చే రకం) రేడియల్ అని రాసి ఉన్న ట్యూబే, అదీ సరైన సైజుదే తీసుకోండి. పెద్దదైతే మడతపడి ఆ మడత దగ్గరే తెగుతుంది. పౌడర్ చల్లించడం మరవొద్దు. కొత్త టైరులో పాత ట్యూబు అస్సలు వద్దు, అందులోనూ సొల్యూషన్ ప్యాచ్ ఉన్నది. ఎండ వేడికి ఆ ప్యాచ్ ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. రిమ్ము లోపలి తుప్పును గీకించి రంగు వేయించండి, తుప్పు పెచ్చులు ట్యూబును కోస్తాయి. కారు తిరిగిన కొన్నాళ్లకు వాల్వు ఒక పక్కకు వాలి కనిపిస్తే, ట్యూబు లోపల జరిగిందని అర్థం. గాలి తీసి సరిచేయించకపోతే వాల్వు మొదట్లో చిరుగుతుంది.

మన కార్ల టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. పైన గీతలు కొత్తగానే ఉంటాయి, పక్క గోడ మీద జుట్టంత సన్నటి పగుళ్లు ఉంటాయి. గోడ మీద టైరు తయారైన నాలుగంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలి, పదేళ్లు దాటితే ఎంత బాగున్నా తీసేయాలి. స్టెప్నీకీ ఇదే లెక్క. రేడియల్, పాత రకం నైలాన్ టైర్లు ఒకే యాక్సిల్ మీద కలపొద్దు.

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. మధ్యాహ్నం హైవే మీద నడిచాక నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తే కంగారుపడి తీయించొద్దు. వేడికి పెరిగిన గాలి అది, చల్లారితే తగ్గుతుంది. తీయించారో, మళ్లీ చల్లారేసరికి టైరు మెత్తబడి ఉంటుంది. మెత్తటి టైరు తిరిగేకొద్దీ ఇంకా కాగుతుంది, ఎండలో టైర్లు పగిలేది చాలావరకు ఇందుకే.

ఇప్పుడు మా బండికి నాలుగూ ట్యూబులే, నాలుగూ కొత్తవే. డిక్కీలో స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్‌తో పాటు కవర్లో చుట్టిన ఒక ట్యూబు ఎప్పుడూ ఉంటుంది. ఈసారి టైర్లు ఎక్కిస్తుంటే బాపు షాపు ముందు కుర్చీ వేయించుకుని, నాలుగో చక్రం బిగించేదాకా లేవలేదు.