గోడ మందం సరిచేశాకే సిగ్నల్ లెక్క కుదిరింది

పర్లాకిమిడిలోని మా పాత ఇంట్లో వైఫై రౌటర్ ముందు గదిలో ఉండేది. వంటింట్లోకి వెళ్తే చాలు, అమ్మకి వీడియో కాల్ తెగిపోయేది. రౌటర్ ఎక్కడ పెట్టాలో తేల్చుకుందామని ఇంటి నమూనా గీసి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి రే ట్రేసింగ్ సిమ్యులేషన్ నడిపాను. అంటే సిగ్నల్‌ని కిరణాలుగా తీసుకుని, అవి గోడలకి తగిలి ఎటు వెళ్తాయో కంప్యూటర్‌తో లెక్కగట్టడం. పొయ్యి గట్టు దగ్గర మైనస్ 58 డీబీఎం చూపించింది (ఇది సిగ్నల్ బలం కొలత; మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). ఫోన్‌తో కొలిస్తే మైనస్ 79! రెండు రోజులు అదే టెన్షన్.

సిమ్యులేషన్‌లో ఒక్కో కిరణానికి లెక్కించే ప్రతిఫలనాల (తగిలి వెనక్కి మళ్లడాల) సంఖ్య 3 నుంచి 6కి పెంచినా లాభం లేకపోయింది. తీరా చూస్తే, నమూనాలో గోడలన్నీ పల్చటి జిప్సం బోర్డుగా ఉండిపోయాయి. మా నడిమి గోడేమో అడుగున్నర మందం ఇటుక గోడ! కట్టడ సామగ్రి విద్యుత్ గుణాలు ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) సిఫార్సు పీ.2040లో ఉంటాయి. అందులోని ఇటుక విలువలు ఇచ్చి, మందం 45 సెంటీమీటర్లు వేశాను. గోడకి ఆనించిన ఇనప బీరువానీ గీశాను. లోహం కిరణాన్ని దాటనివ్వదు, వెనక్కి కొడుతుంది. ఈసారి మైనస్ 76 వచ్చింది.

ఆ నమూనాలోనే రౌటర్‌ని నడవ గుమ్మం పైకి జరిపి చూసి, తర్వాత నిజంగానే అక్కడ మేకు కొట్టాను. నిన్న అమ్మ పులుసు కలుపుతూనే బరంపురం పిన్నితో అరగంట మాట్లాడింది.