పిల్లల చదువు నిర్ణయానికి ముందు ఇంట్లో లెక్క ఎలా వేసుకోవాలి?

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ల ఇళ్లలో ఫిబ్రవరి వచ్చిందంటే టెన్షన్ మొదలవుతుంది. చిన్నపిల్లలున్నవాళ్లకి వచ్చే ఏడాది స్కూలు ఫీజు బెంగ. టెన్త్ పిల్లలున్న ఇంట్లో "ఇక్కడే పీయూసీ (మన ఇంటర్) చేయిద్దామా, విజయవాడ పంపుదామా" అనే చర్చ. ఆ చర్చలో ర్యాంకులూ, హాస్టల్ భోజనమూ, పక్క ఫ్లాట్ వాళ్లబ్బాయి ఎక్కడ చేరాడన్నదీ అన్నీ వస్తాయి. డబ్బు సంగతి మాత్రం అంతా అయ్యాక, పిల్లలు పడుకున్నాక, అమ్మానాన్నలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. అప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. లెక్క ముందు చూసుకుంటే ఈ అవస్థ ఉండదు. అదెలాగో చూద్దాం.

మొదటి పని: ఈ ఏడాది అసలు ఎంతయిందో రాయండి

ఒక ఆదివారం పొద్దున బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే, గూగుల్ పే హిస్టరీ ముందు పెట్టుకోండి. స్కూలువాళ్లు చెప్పిన ఫీజు ఒక్కటే రాస్తే సరిపోదు. వ్యాన్, పుస్తకాలు, యూనిఫాం, రెండు జతల బూట్లు, ట్యూషన్, అబాకస్, యాన్యువల్ డేకి అద్దెకు తెచ్చిన డ్రెస్సు వరకు అన్నీ రాయాలి. కూడిక అయ్యాక చాలా ఇళ్లలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

తర్వాత పెరుగుదల వేయండి. ఏటా 10 శాతం పెరుగుతుందనుకుంటే, ఇవాళ 1,20,000 రూపాయలున్న ఎల్‌కేజీ ఫీజు ఏడేళ్లకు దాదాపు 2,34,000 అవుతుంది. ఇద్దరు పిల్లలుంటే ఆ సంఖ్య రెండింతలు. జీతం కూడా అలాగే పెరుగుతుందిలే అనే ధీమా మీద మాత్రం స్కూలు ఎంచుకోకండి.

రెండో పని: పిల్లల్నీ కూర్చోబెట్టుకోండి

హైస్కూలుకు వచ్చిన పిల్లలకు ఈ లెక్క చూపించవచ్చు. "నీకోసం ఇంత పోస్తున్నాం" అని దెప్పడానికి కాదు. "నాన్నా, ఏడాదికి మనం ఇంత పెట్టగలం, మిగతాది లోన్ తీసుకోవాలి. నీకు నచ్చిన మూడు కాలేజీలకు ఎంతవుతుందో కనుక్కుని రాయి" అని పని అప్పజెప్పండి. ఫోన్ చేసి ఫీజు అడిగిన పిల్ల బ్రోచర్‌లో రంగుల ఫొటో చూసి పడిపోదు.

మూడో పని: ఊరు మార్చే ముందు సీటు అర్హత చూడండి

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కర్ణాటకలో సీఈటీ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) ద్వారా ప్రభుత్వ కోటా ఇంజనీరింగ్ సీటు కావాలంటే, ఎక్కువమందికి వర్తించే నిబంధన ఇది: ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ మధ్య కనీసం ఏడేళ్లు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలి, టెన్త్ గానీ రెండో పీయూసీ గానీ ఇక్కడే పాసై ఉండాలి. అటు ఆంధ్రాలో స్థానికతకు ప్రధానంగా చూసేది అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు. అంటే టెన్త్ దాకా బెంగళూరులో చదివి, ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివినంత మాత్రాన అక్కడ లోకల్ అయిపోరు. ఐదో తరగతిలో ఇక్కడికి వచ్చి, టెన్త్ కాగానే వెళ్లిపోతే ఇక్కడా ఏడేళ్లు నిండకపోవచ్చు. రెండిటికీ చెడితే మిగిలేది జేఈఈ, కామెడ్‌కే (కర్ణాటక ప్రైవేటు కాలేజీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) లేదా మేనేజ్‌మెంట్ సీటు. కామెడ్‌కేకి స్థానికత అక్కర్లేదు, కానీ ఆ ఫీజు ప్రభుత్వ కోటా ఫీజుకు చాలా పైన ఉంటుంది. సీఈటీ నడిపే కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ (కేఈఏ) ఏటా ఇచ్చే సమాచార పుస్తకం చదివాకే టీసీ తీసుకోండి. ప్రతి తరగతి స్టడీ సర్టిఫికెట్ దాచుకోండి.

నాలుగో పని: మొదటి ఏడాది ఫీజు కాదు, నాలుగేళ్ల మొత్తం పోల్చండి

హాస్టల్, మెస్, ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు, సెలవులకు వచ్చిపోయే ఛార్జీలు కలిపి కాలేజీకో కాగితం. రెండో ఏడాది నుంచి ఫీజు పెరుగుతుందా అని రాతపూర్వకంగా అడగండి. ప్లేస్‌మెంట్లలో "అత్యధిక ప్యాకేజీ" అని హోర్డింగుల మీద వేసేది ఒక్కరికి వచ్చింది. మీరు అడగాల్సింది మధ్యస్థ జీతం (అందరి జీతాలూ వరుసగా రాస్తే సరిగ్గా మధ్యలో ఉండేది), అదీ మీ పిల్ల చేరే బ్రాంచిలో.

ఐదో పని: లోన్‌ని నెలకింత అని చూడండి

ఏడాదికి 1,80,000 చొప్పున నాలుగేళ్లు 7,20,000 లోన్ తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం, చదువయ్యాక ఇంకో ఏడాది గడువు. ఆ ఐదేళ్లూ ఏమీ కట్టకపోతే, మామూలు వడ్డీ (వడ్డీ మీద వడ్డీ లేకుండా) లెక్కన కూడా 2,52,000 చేరి బాకీ 9,72,000 అవుతుంది. పదేళ్ల ఈఎంఐ నెలకు సుమారు 12,845. అదే వడ్డీ మాత్రం ఎప్పటికప్పుడు కట్టుకుంటూ పోతే, మొదటి ఏడాది నెలకు 1,500, రెండో ఏడాది 3,000, మూడో ఏడాది 4,500, ఆ తర్వాత 6,000. ఉద్యోగం వచ్చాక ఈఎంఐ 9,515 చాలు. మొత్తం మీద లక్షన్నర దాకా మిగులుతుంది. ఇలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీ కాస్త తగ్గిస్తాయి కూడా, అడగండి. మొదటి జీతం పాతికవేలయితే, మారతహళ్లి పీజీ అద్దె పోగా 12,845 కట్టగలదా అన్నది మీ పిల్లతోనే వేయించండి.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కూడా చూడండి. జాబితాలో ఉన్న నాణ్యమైన సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే హామీ, తాకట్టు లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, నిబంధనలకు లోబడి, 10 లక్షల వరకు లోన్‌పై చదువు కాలం, ఆ తర్వాతి ఏడాది గడువు వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. చదువు లోన్ వడ్డీపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే.

ఆరో పని: పొదుపు

ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే సుకన్య ఖాతా తెరవండి. ఏడాదికి 250 నుంచి లక్షన్నర వరకు వేయవచ్చు. 18 ఏళ్లు నిండాక లేదా టెన్త్ పాసయ్యాక చదువుకోసం సగం దాకా తీసుకోవచ్చు. రెండు మూడేళ్లలో కావాల్సిన డబ్బు ఆర్‌డీ, ఎఫ్‌డీలోనే ఉంచండి, షేర్లలో వద్దు. చీటీ వేస్తే రిజిస్టరైన కంపెనీలోనే. చుట్టాలబ్బాయి ఏజెంటని మొహమాటపడి "పిల్లల చదువు పాలసీ" తీసుకున్నారా? నచ్చకపోతే పాలసీ పత్రం చేతికొచ్చిన 30 రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చు. సంపాదించేవారి పేరు మీద టర్మ్ పాలసీ (వాళ్లకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే బీమా) మాత్రం తప్పనిసరి.

చివరి పని: డబ్బు కట్టే రోజు

కౌంటర్‌లో "ఇవాళే కట్టాలి, రేపటికి సీటుండదు" అంటారు. సీటు వదులుకుంటే ఎంత వెనక్కిస్తారో, ఏ తేదీలోపు అడగాలో కాగితం మీద ఇమ్మనండి. కోచింగ్‌వాళ్లు "నెలవారీ కట్టండి సార్" అని ట్యాబ్‌లో సంతకం పెట్టమంటే, అది ఫీజు వాయిదానా, మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ లోనా అని అడగండి. లోనైతే, పిల్ల మధ్యలో మానేసినా ఈఎంఐ ఆగదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడ వదిలి రాకండి. చూపించి, జిరాక్సులిచ్చి, రసీదు తీసుకుని రండి.